ఓటు యంత్రమునకు మనము చెల్లించిన వెల

ఒక వస్తువును కొనునపుడు గృహస్థుడు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయును. దాని వెల యెంత? అది యెన్నాళ్లు మన్నును? ప్రజాధనముతో కొను వస్తువు విషయమున, అందునను ప్రజల తీర్పును లెక్కించు వస్తువు విషయమున, మూడవ ప్రశ్న యొకటి కలదు. అది చెప్పిన లెక్కను సామాన్యుడు సరిచూచుకొనగలడా? ఎలక్ట్రానిక్ ఓటు యంత్రముల చరిత్రను మొదటి నుండి పరిశీలించినచో, మొదటి రెండు ప్రశ్నలకును సమాధానము ఈ మూడవదానిపైననే ఆధారపడి యున్నదని తేటపడును. ఈ ప్రశ్నను బొత్తిగా మరచిన దేశము యంత్రమును, ధనమును రెంటిని పోగొట్టుకొన్నది. ఆలస్యముగా అడిగిన దేశము రెండు మారులు వెల చెల్లించినది. ఆ వృత్తాంతమును ఇచట స్థూలముగా మనవి చేయుదుము.

ముందుగా యంత్రమునకు పూర్వమున్న పెట్టెను గూర్చి రెండు మాటలు చెప్పుకొనవలెను. మన దేశమున తొలి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరు మొదలు 1952 ఫిబ్రవరి వరకు జరిగెను. ఓటర్లు 17 కోట్లకు పైబడినవారు. వారిలో అధిక సంఖ్యాకులు చదువను వ్రాయను నేర్వని వారు. అందుచేత ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె నుంచి, దానిపై వాని గుర్తు నంటించిరి. ఓటరు తనకు మెచ్చిన గుర్తు గల పెట్టెలో చీటీని వేసి వచ్చుటయే అప్పటి పద్ధతి. ఇందుకై ఇంచుమించు 25 లక్షల ఉక్కు పెట్టెలు కావలసి వచ్చెను. వానిని చేసి యిచ్చిన కర్మాగారములలో మన హైదరాబాదు ఆల్విన్ కర్మాగారము ఒకటి. ఆ ఎన్నికలకు ప్రభుత్వము చేసిన వ్యయము 10 కోట్ల 45 లక్షల రూపాయలని లెక్క. అనగా ఓటరు తలకు పది అణాల లోపు.

ఆ ఉక్కు పెట్టెకు ఒక గొప్ప గుణముండెను. అది యెట్లు పని చేయునో వివరింప నక్కరలేదు. ఉదయమున దానిని తెరచి, లోపల ఏమియు లేదని అందరికిని చూపి, మూసి, ముద్ర వేయుదురు. లెక్కింపు నాడు ఆ ముద్రను అభ్యర్థుల ఏజెంట్లు చూచిన పిమ్మట తెరతురు. చీటీలను బల్లపై గ్రుమ్మరించి, అందరి కన్నుల యెదుట లెక్కింతురు. అక్షరము రానివాడు సైతము దానిని కాపలా కాయగలడు. మోసము జరుగలేదని కాదు. పెట్టెల నెత్తుకొని పోయినవారు గలరు, పోలింగు కేంద్రములను ఆక్రమించుకొని గంపగుత్తగా ముద్రలు గ్రుద్దినవారును గలరు. కాని ఆ మోసము కంటికి కనబడెడి మోసము. దానిని పట్టుకొనుటకు శాస్త్రజ్ఞుడు కావలసిన పని లేదు.

కాలక్రమమున అభ్యర్థికొక పెట్టె యను పద్ధతి పోయి, అందరి పేర్లును గుర్తులును గల ఒకే బ్యాలెట్ పత్రము వచ్చెను. ఓటర్లు పెరిగిరి, అభ్యర్థులు పెరిగిరి, కాగితమును పెరిగెను. 1999 నాటి లోక్‌సభ ఎన్నికలకు సుమారు 7,700 టన్నుల కాగితము ఖర్చయినదని చెప్పుదురు. రెండు గుర్తుల నడుమ ముద్ర పడి చెల్లకుండ పోయిన ఓట్లు వేలకు వేలు. లెక్కింపు రాత్రింబవళ్లు సాగెడిది. ఈ బాధలన్నిటికిని మందుగా యంత్రమును గూర్చిన ఆలోచన 1977లో ఎన్నికల సంఘమున పుట్టినది. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనరు శ్రీ ఎస్. ఎల్. షక్ధర్. ఆ పనికి పూనుకొన్నది 1967లో హైదరాబాదున వెలసిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. ఉక్కు పెట్టెలు చేసిన నగరమే ఎలక్ట్రానిక్ పెట్టెకును పుట్టినిల్లగుట విశేషము. 1979లో నమూనా సిద్ధమయ్యెను. 1980 ఆగస్టు 6వ తేదీన ఎన్నికల సంఘము రాజకీయ పక్షముల ప్రతినిధులకు దానిని చూపెను. తరువాత బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు ఈ నిర్మాణమున పాలు పంచుకొనెను.

ఆ యంత్రము నిర్మాణము సులభముగా గ్రహింపదగినదే. అందు రెండు భాగములు గలవు. కంట్రోల్ యూనిట్ అనునది పోలింగు అధికారి బల్లపై నుండును. బ్యాలెట్ యూనిట్ అనునది తెర చాటున ఓటరు ఎదుట నుండును. ఐదు మీటర్ల తీగ యొకటి ఈ రెంటిని కలుపును. బ్యాలెట్ యూనిట్‌పై పదునారు మంది అభ్యర్థుల వరకు పేర్లు, గుర్తులు, వాని ప్రక్క మీటలు నుండును. అధికారి అనుమతి మీట నొక్కిన పిమ్మటనే ఓటరు మీట పని చేయును. ఒక ఓటు పడగానే మీటలన్నియు బిగిసిపోవును. విద్యుచ్ఛక్తి లేని పల్లెలలో సైతము బ్యాటరీతో నడుచును. నిమిషమునకు ఐదు ఓట్లకు మించి స్వీకరింపదు. కావున కేంద్రమును ఆక్రమించుకొన్న దుండగీడు కట్టలకు కట్టలు ముద్రలు గ్రుద్దినట్లు దీనితో చేయజాలడు. చెల్లని ఓటు అను మాటయే దాదాపుగా లేకుండ పోయినది. ఇవి నిజమైన లాభములు. వీనిని కాదనుట న్యాయము గాదు.

ఈ యంత్రమునకు తొలి పరీక్ష 1982 మే 19వ తేదీన కేరళలో పరవూరు శాసనసభా నియోజకవర్గమున జరిగెను. అచటి 84 పోలింగు కేంద్రములలో 50 చోట్ల యంత్రముల నుంచిరి. కమ్యూనిస్టు పక్షపు అభ్యర్థి శ్రీ శివన్ పిళ్లై 123 ఓట్ల ఆధిక్యముతో గెలిచెను. ఓడిన కాంగ్రెసు అభ్యర్థి శ్రీ ఎ. సి. జోస్ న్యాయస్థానము నాశ్రయించెను. 1984 మార్చి 5వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. చట్టమున ‘బ్యాలెట్’ అన్నచో కాగితపు బ్యాలెట్ అనియే యర్థమనియు, పార్లమెంటు చేసిన చట్టమును కాదని మరియొక పద్ధతిని ప్రవేశపెట్టు అధికారము ఎన్నికల సంఘమునకు లేదనియు కోర్టు నిర్ణయించెను. ఆ 50 కేంద్రములలో మరల కాగితముతో పోలింగు జరిపిరి. ఈ మారు గెలుపు శ్రీ జోస్‌కు దక్కెను.

ఈ తీర్పు యంత్రమునకు పరాభవమని అప్పుడు పలువురు తలచి యుందురు. వెనుదిరిగి చూచిన, యంత్రమునకు అది గొప్ప మేలే చేసినది. యంత్రము బాగుగ నున్నదా లేదా యను విచారణకు మున్ను, దానికి చట్టమున చోటున్నదా యను ప్రశ్న వేయక తప్పదని ఆ తీర్పు నేర్పినది. 1988 డిసెంబరులో పార్లమెంటు ప్రజా ప్రాతినిధ్య చట్టమును సవరించి యంత్రమునకు చోటు కల్పించెను. ఆ సవరణ 1989 మార్చిలో అమలులోనికి వచ్చెను.

కాని వెంటనే మరియొక తప్పటడుగు పడినది. చట్టము రాగానే 1989, 1990 సంవత్సరములలో ఒకటిన్నర లక్షల యంత్రములను నిర్మింపజేసిరి. ఒక్కొక్కదాని వెల 5,500 రూపాయలు. అనగా ఇంచుమించు 82 కోట్ల రూపాయలు. యంత్రములు వచ్చినవి గాని, రాజకీయ పక్షముల నడుమ ఏకాభిప్రాయము రాలేదు. 1990లో ఆచార్య సంపత్ అధ్యక్షతన నిపుణుల సంఘము పరీక్షించి యంత్రము యోగ్యమైనదని చెప్పినను, సార్వత్రికముగా వాడుటకు ఎవ్వరును సాహసింపరైరి. ఎనిమిదేండ్ల కాలము ఆ యంత్రములు గిడ్డంగులలో నుండెను. వస్తువు పాతబడుచుండెను, ఉపయోగము సున్న. విశ్వాసమును కూర్చుకొనక మునుపే వస్తువును కొన్నచో ఏమగునో తెలుపు తొలి పాఠమిది.

తుదకు 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలో 16 శాసనసభా నియోజకవర్గములందు యంత్రములను వాడిరి. జనులు సుళువుగా వాడిరి, ఫలితములు త్వరగా వెలువడెను. 2001లో తమిళనాడు, కేరళ, పశ్చిమ బెంగాలు, పుదుచ్చేరి ఎన్నికలు సంపూర్ణముగా యంత్రములతోనే జరిగెను. 2004లో లోక్‌సభకు చెందిన 543 స్థానములన్నిటను పది లక్షలకు మించిన యంత్రములతో ఎన్నిక జరిగినది. అంతటి విస్తారమైన ప్రయోగము లోకమున అంతకు మున్ను జరిగి యుండలేదు.

మన దేశము తన యంత్రములను గిడ్డంగులలో నుండి వెలికి తీసి దేశమంతట వాడిన ఆ 2004వ సంవత్సరముననే, ఐరోపాలో ఐర్లండు తన యంత్రములను గిడ్డంగులకు పంపినది. ఆ కథ విన దగినది.

ఐర్లండులో ఓటరు ఒక్క పేరునకు గుర్తు పెట్టి ఊరకుండడు. తనకు ఇష్టమైన వరుసలో అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయును. అందుచేత లెక్కింపు చిక్కైనది, కొన్ని చోట్ల దినముల తరబడి సాగును. కాని ఆ లెక్కింపే ఆ దేశపు ప్రజలకొక వేడుక. కటకటాల కీవల నిలిచి, తెరచిన పత్రములను చూచుచు తమ లెక్క తాము వేసికొనుటలో ఆరితేరిన పార్టీ కార్యకర్తలు ప్రతి యూరను గలరు. ఈ ప్రాతపద్ధతి నూతన శతాబ్దమునకు తగదని ప్రభుత్వము తలచినది. 2001లో చట్టము చేసి, నెదర్లాండ్సుకు చెందిన నెడాప్ సంస్థ యంత్రములను తెప్పించినది. 2002 మే నెలలో జరిగిన సార్వత్రిక ఎన్నికలలో మూడు నియోజకవర్గములందు వానిని పరీక్షించిరి. డబ్లిన్ నార్త్ స్థానమున, పూర్వము న్యాయశాఖ మంత్రిణిగా నుండిన శ్రీమతి నోరా ఓవెన్, తాను ఓడితినన్న సంగతి అర్ధరాత్రి వేదికపై ఒక్కమారుగా వినవలసి వచ్చెను. వెనుకటి పద్ధతిలో లెక్కింపు సాగుచుండగా గెలుపోటములు మెల్లమెల్లగా తెలియవచ్చెడివి. ఇప్పుడు యంత్రము గుటుక్కున ఒక్క మాట చెప్పి ఊరకుండెను. ఆ దృశ్యమును చూచిన దేశ ప్రజలకు, యంత్రము తెచ్చినది వేగము మాత్రమే కాదను సంగతి తట్టినది.

అయినను ప్రభుత్వము ఆగలేదు. దేశమంతటికిని సరిపడునట్లు సుమారు 7,500 యంత్రములను కొనినది. 2004 జూన్ ఎన్నికలు వానితోనే జరుగునని ప్రకటించినది. అప్పుడు కొందరు గణకశాస్త్ర నిపుణులు లేచి, ఈ యంత్రమున కాగితపు దాఖలా ఏదియు లేదు, లెక్క తప్పినచో మరల సరిచూచుకొను మార్గమేది, అని అడిగిరి. అలజడి హెచ్చగా, 2004 మార్చిలో ఒక స్వతంత్ర సంఘమును నియమించిరి. ఏప్రిలు చివర ఆ సంఘము, యంత్రము రహస్యమును, ఖచ్చితత్వమును కాపాడునని తాము పూచీపడలేమని నివేదించెను. ఎన్నికలకు ఇంచుమించు ఆరు వారముల ముందు ప్రభుత్వము వెనుకంజ వేసి, మరల కాగితమును, పెన్సిలును చేతబట్టినది.

కొన్న యంత్రములేమైనవి? వానిని జిల్లాలలో అద్దె గిడ్డంగులందు భద్రపరచిరి. కొన్ని చోట్ల దీర్ఘకాలపు అద్దె ఒప్పందములు చేసికొనిరి. ఒక్క ఓటైనను పడని యంత్రములకు ఏటేట లక్షల యూరోలు అద్దె క్రింద పోయెను. 2007లో సగమునకు మించిన వానిని గోర్మన్‌స్టన్ సైనిక శిబిరమునకు తరలించిరి. 2009 ఏప్రిలులో మంత్రి శ్రీ జాన్ గోర్మ్‌లీ ఈ యత్నమును పూర్తిగ విరమించితిమని ప్రకటించెను. మొత్తము వ్యయము 5 కోట్ల 40 లక్షల యూరోలకు మించినది. 2012లో ఆ యంత్రములను పాత లోహపు వర్తకమునకు అమ్మగా వచ్చినది సుమారు 70 వేల యూరోలు. యంత్రమునకు తొమ్మిది యూరోల చొప్పున పడినది. కొన్న వెలలో వెయ్యింట రెండు వంతులైనను తిరిగి రాలేదు.

ఇందు గమనింపదగిన విషయమొకటి గలదు. ఆ యంత్రములు ఫలానా ఎన్నికలో మోసము చేసినవని ఐర్లండులో ఎవ్వరును రుజువు చేయలేదు. మోసము జరుగలేదని చూపు సాధనము యంత్రమున లేకపోవుటయే దాని లోపము. కొన్న పిమ్మట అడిగిన ప్రశ్నకు, కొన్న వస్తువులో సమాధానము లేకపోయెను.

ఆ యంత్రము పుట్టిన నెదర్లాండ్సులోనే దాని ప్రతిష్ఠ కూలిపోయినది. 2006 అక్టోబరులో ఒక పౌరసంఘమువారు ఆ యంత్రము నొకదానిని సంపాదించి, దాని లోపలి ఆజ్ఞలను మార్చి, టెలివిజనులో దేశమునకు చూపిరి. ఓట్లను తారుమారు చేయుట సాధ్యమని నిరూపించుటయే గాక, దాని చేత చదరంగమును సైతము ఆడించిరి. రేడియో శ్రోతలకు ఆసక్తి కలిగించు సంగతి మరియొకటి. ఎలక్ట్రానిక్ సాధనము లన్నిటి నుండియు సన్నని రేడియో తరంగములు వెలువడుచుండును. ఓటు యంత్రము నుండి వచ్చు తరంగములను కొంత దూరమున నున్న రేడియో గ్రాహకముతో పట్టి, ఓటు ఎవరికి పడినదో కొన్ని సందర్భములలో ఊహింపవచ్చునని తేలినది. తెర చాటున వేసిన ఓటు గాలిలో వినబడినచో ఇక రహస్యమేమి మిగులును? 2008 మే నెలలో డచ్చి ప్రభుత్వము యంత్రములకు స్వస్తి చెప్పి, కాగితమునకును ఎర్ర పెన్సిలునకును తిరిగి వచ్చినది.

జర్మనీలో 2005 పార్లమెంటు ఎన్నికలందు ఆ కుటుంబమునకు చెందిన యంత్రములతోనే సుమారు 20 లక్షల మంది ఓటు వేసిరి. తండ్రి కుమారులైన ఇరువురు పౌరులు రాజ్యాంగ న్యాయస్థానమున సవాలు చేసిరి. 2009 మార్చి 3వ తేదీన వెలువడిన తీర్పు ఈ చరిత్రలో కీలకమైనది. ఎన్నికలోని ముఖ్య ఘట్టములన్నిటిని ప్రత్యేక సాంకేతిక జ్ఞానము లేని సామాన్య పౌరుడు విశ్వసనీయముగ సరిచూచుకొనగలిగి యుండవలెనని కోర్టు నిర్ణయించినది. పొరపాటు జరిగినట్లు సాక్ష్యము లేనందున ఆ ఎన్నికను రద్దు చేయలేదు. కాని ఆ యంత్రముల వాడుక రాజ్యాంగ విరుద్ధమని చెప్పినది. అనగా, నిపుణుడు ‘నేను చూచితిని, బాగుగ నున్నది’ అని చెప్పుట చాలదు. ఓటు హక్కు గలవానికి చూచు హక్కును గలదు.

ఈ ప్రశ్న సముద్రములు దాటి మన హైదరాబాదునకు వచ్చుటకు కాలము పట్టలేదు. నెదర్లాండ్సు ఉద్యమమునకు ముందు నిలిచిన శ్రీ రాప్ ఖోంగ్రైప్, అమెరికాకు చెందిన ఆచార్యుడు శ్రీ అలెక్స్ హాల్డర్‌మన్, హైదరాబాదు సాంకేతికుడు శ్రీ హరిప్రసాద్ కలిసి, 2010లో మన యంత్రమును పరిశీలించితిమని ప్రకటించిరి. యంత్రము చేతికి చిక్కినచో దాని భాగములను మార్చి ఫలితములను మార్చవచ్చునని వారి వాదము. అందుకు ఎన్నికల సంఘము, మన యంత్రము ఏ జాలమునకును సంధింపబడదు, అది ముద్రలలోను కాపలాలోను ఉండును, ఏ యంత్రము ఏ కేంద్రమునకు పోవునో ముందుగా ఎవ్వరికిని తెలియదు, కావున అట్టి మోసము ఆచరణలో అసాధ్యమని బదులు చెప్పెను. పరిశీలించిన యంత్రము దొంగిలింపబడినదను అభియోగముపై ఆ ఆగస్టులో హరిప్రసాద్‌ను అరెస్టు చేయుట, పిదప బెయిలుపై విడుదల చేయుట జరిగెను. ఈ వివాదమున ఎవరి పక్షము వహించినను, ఒక్క సంగతిని అందరును ఒప్పుకొనవలసి వచ్చినది. తాను నొక్కిన మీటయే లెక్కకు వచ్చినదని ఓటరునకు చూపు సాధనము మన యంత్రమునను లేకుండెను.

2010 అక్టోబరులో అఖిలపక్ష సమావేశమున కాగితపు దాఖలా కావలెనను సూచన వచ్చినది. ఎన్నికల సంఘము ఆ సూచనను త్రోసివేయక, నిపుణుల కప్పగించి, యంత్ర నిర్మాతల చేత క్రొత్త సాధనమును చేయించినది. దానినే మనము వీవీప్యాట్ అని పిలుచుచున్నాము. మీట నొక్కగానే అభ్యర్థి పేరు, గుర్తు అచ్చయిన చీటీ అద్దము వెనుక ఏడు సెకనుల కాలము కనబడి, పిమ్మట పెట్టెలో పడును. 2013 సెప్టెంబరులో నాగాలాండులోని నోక్సెన్ ఉప ఎన్నికలో దీనిని తొలిసారి వాడిరి. అదే సంవత్సరము అక్టోబరు 8న సుప్రీంకోర్టు, స్వేచ్ఛాయుతమైన ఎన్నికకు కాగితపు దాఖలా అనివార్యమని చెప్పి, దశలవారీగా దేశమంతట ప్రవేశపెట్టవలసినదని ఆదేశించెను.

ఇప్పుడు వెల సంగతి చూతము. 2017 ఏప్రిలులో కేంద్ర మంత్రివర్గము 16 లక్షల 15 వేల వీవీప్యాట్ సాధనముల కొనుగోలునకు 3,173 కోట్ల రూపాయలను మంజూరు చేసినది. భాగించి చూచిన, ఒక్కొక్కటి ఇంచుమించు 19,650 రూపాయలు. ఆ కాలపు ఓటు యంత్రము వెల సుమారు 17,000 రూపాయలు. కాగితమును తొలగించుటకై వచ్చిన యంత్రము కన్న, ఆ యంత్రమునకు మరల కాగితమును చేర్చిన సాధనమునకే ఎక్కువ వెల పడినది! మొదటనే మూడవ ప్రశ్న వేసి యున్నచో, ఈ రెండును ఒకే వస్తువుగా పుట్టి యుండెడివేమో. ఆలస్యముగా అడిగితిమి గనుక రెండు మారులు చెల్లించితిమి. అయినను ఐర్లండు వలె యావత్తును పోగొట్టుకొనలేదు. ప్రశ్నకు సమాధానమును చేర్చుకొనుటకు మన యంత్రమునకు వ్యవధి చిక్కినది.

చీటీలను అచ్చువేసిన మాత్రమున సరిపోదు, వానిని లెక్కింపవలెను గదా. 2019లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నుండిన శ్రీ నారా చంద్రబాబునాయుడు మొదలగు ప్రతిపక్ష నాయకులు, సగము చీటీలనైనను లెక్కింపవలసినదని సుప్రీంకోర్టును కోరిరి. అట్లు చేసిన ఫలితములు ఐదారు దినములు ఆలస్యమగునని ఎన్నికల సంఘము చెప్పినది. ఏప్రిలు 8వ తేదీన కోర్టు, ప్రతి శాసనసభా భాగమునను ఐదు కేంద్రముల చీటీలను సరిచూడుమని ఉత్తరువు చేసెను. అంతకు మున్ను ఒక్క కేంద్రమునకే ఆ నియమముండెను. 2024 ఏప్రిలు 26న సుప్రీంకోర్టు, చీటీలన్నిటిని లెక్కింపవలెనను కోరికను, కాగితపు బ్యాలెట్‌కు మరలవలెనను కోరికను నిరాకరించెను. అప్పటి వరకు నాలుగు కోట్లకు మించిన చీటీలను సరిచూచితిమనియు, ఓటు మారిన సందర్భము కానరాలేదనియు ఎన్నికల సంఘము కోర్టునకు తెలిపి యుండెను. అయితే కోర్టు రెండు క్రొత్త నియమములను విధించినది. గుర్తులను యంత్రములోనికి ఎక్కించు సాధనములను సీలువేసి ఫలితముల పిమ్మట 45 దినములు భద్రపరచవలెను. రెండవ, మూడవ స్థానములలో నిలిచిన అభ్యర్థులు ఏడు దినములలో వ్రాతపూర్వకముగ కోరినచో, నూటికి ఐదు యంత్రముల లోపలి భాగమును ఇంజనీర్లు పరీక్షింపవలెను. అందుకు వ్యయము అడిగినవాడే భరించవలెను. మోసము తేలినచో ఆ సొమ్ము తిరిగి యిత్తురు.

యంత్రము వెల యనగా దాని నిర్మాణపు వెల మాత్రమే యనుకొనరాదు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు రైతులు దీనిని దేశమునకు చక్కగా బోధించిరి. పసుపునకును ఎర్రజొన్నలకును గిట్టుబాటు ధర లేదను ఆవేదనతో 178 మంది రైతులు నామినేషనులు వేయగా, అభ్యర్థుల సంఖ్య 185కు చేరినది. ప్రాత యంత్రములకు 64 మందికి మించి పేర్లు చేర్చు శక్తి లేదు. క్రొత్త రకము యంత్రములను తెప్పించి, ప్రతి పోలింగు కేంద్రమునను పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లను వరుసగా పేర్చి ఏప్రిలు 11న పోలింగు జరిపిరి. అంతకు మున్ను 1996లో నల్లగొండ స్థానమునకు 480 మంది పోటీ చేసినపుడు కాగితముపై అన్ని పేర్లను అచ్చువేయవలసి వచ్చెను. నిరసన తెలుపు పౌరుని ముందు కాగితమునకును కష్టమే, యంత్రమునకును కష్టమే. కాని రెంటిని నిలిపి యుంచుట ప్రభుత్వ ధర్మము.

రవాణా, గిడ్డంగి, ఇనుప తలుపులు, రాత్రింబవళ్ల కాపలా, ప్రతి ఎన్నికకు ముందు ఇంజనీర్ల పరీక్ష, సిబ్బంది శిక్షణ, బ్యాటరీలు, చీటీల కాగితపు చుట్టలు, ఇవన్నియు ఏటేట పడు ఖర్చులు. ఇక యంత్రమునకు ఆయువు 15 సంవత్సరములని నిర్ణయించి యున్నారు. ఆ గడువు తీరగానే మరల కొనవలెను. లోక్‌సభకును శాసనసభలకును ఒకే సారి ఎన్నికలు జరిపినచో, ప్రతి 15 ఏండ్లకు యంత్రముల కొరకే సుమారు 10,000 కోట్ల రూపాయలు కావలసి యుండునని ఎన్నికల సంఘము ప్రభుత్వమునకు తెలిపిన సంగతి 2024 జనవరిలో బయటికి వచ్చినది. ఏకకాల ఎన్నికలకు సంబంధించిన రాజ్యాంగ సవరణ బిల్లును 2024 డిసెంబరు 17న లోక్‌సభలో ప్రవేశపెట్టగా, అది సంయుక్త పార్లమెంటరీ సంఘమునకు పోయినది. బ్రతుకు తెరువునకై పరాయి రాష్ట్రమునకు పోయిన కూలివాడు అచటి నుండియే స్వస్థలమునకు ఓటు వేయుటకు వీలగు నమూనా యంత్రమును 2023 జనవరిలో పార్టీలకు చూపదలచినపుడు, పలు పక్షములు సందేహములు వెలిబుచ్చగా ఆ ప్రదర్శన జరుగలేదు.

మరియొక విచిత్రమును గమనింపుడు. 2020 డిసెంబరులో హైదరాబాదు మహానగర పాలక సంస్థకు ఎన్నికలు జరిగినపుడు, కోవిడ్ వ్యాధి భయమున, యంత్రములను ప్రక్కనుంచి కాగితపు బ్యాలెట్‌ను వాడిరి. అంతకు ముందటి ఎన్నికలో అచట వాడినది యంత్రమునే. 2021లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ, పురపాలక ఎన్నికలును కాగితముతోనే జరిగెను. ఓటు యంత్రము పుట్టిన నగరమున సైతము కాగితము చావలేదు. కావున యంత్రము వచ్చినది గనుక ఇక తిరుగులేదనుట సరిగాదు. కాగితము మేలు గనుక యంత్రమును నేలపాలు చేయవలెననుటయు సరిగాదు. చెల్లని ఓట్లను, గంపగుత్త ముద్రలను మరచినవారు మాత్రమే కాగితపు దినములను సువర్ణయుగమని పొగడుదురు.

ఈ చరిత్రలో మనము నేర్వవలసినది సన్నని సంగతి యొకటి గలదు. పరవూరు తీర్పు, అఖిలపక్ష సమావేశము, సుప్రీంకోర్టు ఉత్తరువులు, వీనిలో ప్రతి యొక్కటియు ఆనాటికి యంత్రమునకు అడ్డంకిగానే తోచినది. నిజమునకు యంత్రమును ఇన్నాళ్లు నిలిపినవి ఆ అడ్డంకులే. ఐర్లండులో అట్టి అడ్డంకి కొనుగోలునకు ముందు రాలేదు. వచ్చునప్పటికి యంత్రము కొట్టులోను, ధనము వర్తకుని చేతిలోను ఉన్నవి. సందేహించువానిని శత్రువుగ చూచిన చోట యంత్రము పాత ఇనుముగ మారినది. సందేహమునకు సమాధానము వెదకిన చోట, ఆలస్యముగానైనను, అది పనిముట్టుగ నిలచినది.

రాబోవు సంవత్సరములలో వేల కోట్ల రూపాయల కొనుగోళ్లు మన ముందు నున్నవి. వానిని ఆమోదించువారు ప్రజాప్రతినిధులు, ఆ ప్రతినిధులను ఎన్నుకొనునది ఆ యంత్రములే. కావున వెలను గూర్చి, ఆయువును గూర్చి అడుగుటకు మున్ను, ఎన్ని చీటీలను లెక్కింతురు, ఎవరి ఎదుట లెక్కింతురు, లెక్క తేడా వచ్చినచో ఏది చెల్లును, అను ప్రశ్నలను ఇప్పుడే వేయుట పౌరుని విధి. గెలిచినవాడు యంత్రమును మెచ్చుకొనుట లోక సహజము. ఓడినవాడు సైతము లెక్కను చూచుకొని, ఒప్పుకొని, ఇంటికి పోగలిగిననాడే ఆ యంత్రమునకు మనము పెట్టిన ప్రతి రూపాయియు సద్వినియోగమైనట్లు.